ప్రీ-మెడ్ సొరోరిటీలో చేరాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టికి, మేనత్త ఆశీర్వదించి రాయునది.

డాక్టర్లు కావాలనుకునే అమ్మాయిలంతా కలిసి నడుపుకునే సొరోరిటీ మీ క్యాంపస్‌లో ఉందని, ఈ సెమిస్టర్ రష్‌కి, అంటే కొత్త సభ్యుల్ని ఎంచుకునే కార్యక్రమాలకి, వెళ్లనా వద్దా అని అడిగావు. వెళ్లు. సొరోరిటీ అనగానే మీ నాన్నకి పార్టీలే గుర్తొస్తాయి. వాడితో నేను మాట్లాడతాలే.

ఇలాంటి సంఘాలు ఎందుకు పుట్టాయో తెలుసుకుని మరీ వెళ్లు. మాకు దగ్గర్లోని ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు 1870లోనే ఆడపిల్లల్ని చేర్చుకుంది. కానీ 1882లో అక్కడే మొదలైన నూ సిగ్మా నూ అనే వైద్య విద్యార్థుల సంఘం మగవాళ్లది. 1890లో అక్కడి అమ్మాయిలు ఆల్ఫా ఎప్సిలాన్ అయోటా పేరుతో తమ సంఘం తాము పెట్టుకున్నారు. సీటు దొరికినా, తెలియంది అడగడానికి పక్కన మనిషి లేకపోతే ఎంత కష్టమో వాళ్లకి తెలుసు.

2019లో అమెరికా మెడికల్ కాలేజీల్లో అమ్మాయిలు సగం దాటారు కదా, ఇంకా విడిగా సంఘం దేనికని మీ నాన్న అంటాడు. లెక్క వేసి చూపించు. డిగ్రీ నాలుగేళ్లు, మెడికల్ స్కూలు నాలుగేళ్లు, ఆ తర్వాత ఆసుపత్రిలో శిక్షణ, అదే రెసిడెన్సీ, నాలాగా పీడియాట్రిక్స్ అయితే మూడేళ్లు, న్యూరోసర్జరీ అయితే ఏడేళ్లు. పెళ్లి, పిల్లలు, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ ఆ ఏళ్లలోనే వచ్చి పడతాయి. సర్జరీలో ఉంటూ బిడ్డని కన్నవాళ్లు ఎలా నెట్టుకొచ్చారో ఏ ప్రొఫెసరూ పాఠంలో చెప్పడు. ఆ సొరోరిటీ నుంచి వెళ్లి ఇప్పుడు రెసిడెన్సీ చేస్తున్న అక్కని అడిగితే దాపరికం లేకుండా చెప్తుంది. నిన్ను చేరమనడానికి నాకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

రష్‌లో వాళ్లే నిన్ను ఎంచుకుంటారనుకోకు, నువ్వూ వాళ్లని చూసుకో. పోయినేడు అప్లై చేసిన సీనియర్లలో ఎందరికి సీటు వచ్చింది, రానివాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అని అడుగు. మధ్యలో మనసు మారి నర్సింగ్‌కో, పబ్లిక్ హెల్త్‌కో వెళ్లిన అమ్మాయిలు ఇంకా మీటింగులకి వస్తున్నారా అని తప్పకుండా అడుగు. దారి మార్చుకున్న పిల్లని దూరం పెట్టే చోట, నీకు ఒక పరీక్ష పోయిన రోజున కూడా నీడ ఉండదు. డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, ఎంతో, వారానికి ఎన్ని గంటలు పోతాయో ముందే రాయించుకో. హేజింగ్, అంటే మన ర్యాగింగ్ లాంటిది, వాసన తగిలితే, నిద్రపోనివ్వకపోవడమైనా, తాగమనడమైనా, అవమానించడమైనా సరే, ఆ నిమిషానే లేచి వచ్చేసెయ్. కాలేజీకి ఫిర్యాదు చెయ్యి. నీకు తోడు నేనున్నాను.

మన ఇళ్లలో డాక్టరు సీటంటే అప్పట్లో ఎంసెట్ ర్యాంకు, ఇప్పుడు నీట్ ర్యాంకు. గది తలుపేసుకుని చదివితే చాలనుకుంటాం. ఇక్కడా మెడికల్ స్కూలు ప్రవేశానికి ఎంక్యాట్ అనే పరీక్ష ఉంది. ఏడున్నర గంటల రోజు, 230 ప్రశ్నలు, స్కోరు 472 నుంచి 528 దాకా. జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు), ఎంక్యాట్ బాగా లేకపోతే ఏ సొరోరిటీ నిన్ను గట్టెక్కించలేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ ముందురోజు సొరోరిటీ కార్యక్రమం ఉంటే, రానని చెప్పడం మొదటి నెల నుంచే అలవాటు చేసుకో.

చదువు అయ్యాక మిగతాది చూస్తారు. అప్లికేషన్‌లో చేసిన పనులు రాయడానికి పదిహేను గళ్లు, ఒక్కోదానికి 700 అక్షరాలు. నేను ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్న ఏళ్లలో, ఫలానా సొరోరిటీకి సెక్రటరీని అని రాసుకున్న పిల్లని ఆ పదవి గురించి ఎప్పుడూ అడగలేదు. ఉన్నన్నాళ్లు ఏం చేశావమ్మా అని అడిగేదాన్ని. చేసినవాళ్లకి మాట తడుముకోవాల్సిన అవసరం ఉండేది కాదు. మీ ఊరి గుళ్లో హెల్త్ క్యాంపు పెడితే నీ తోటి అమ్మాయిలని తీసుకెళ్లు. ఇంగ్లీషు రాని మన బామ్మలు పేరు రాయించుకునే బల్ల దగ్గర నువ్వు కూర్చో. బీపీ చూపించుకోడానికి వచ్చి ఇంట్లో బాధంతా చెప్పుకుంటారు. ఓపిగ్గా విను. కానీ మందుల గురించి మాత్రం నోరు విప్పకు, అది డాక్టరు పని. పేషెంట్లున్న చోట ఫోటోలు తీసి గ్రూపులో పెట్టే పిల్లలుంటారు, వాళ్లతో చేరకు.

నీకు తోడుగా కేటాయించే సీనియర్ని బిగ్ అంటారు, ఆమె దగ్గర మొహమాటపడకు. ఆమె షాడోయింగ్ చేసిన, అంటే వెంట ఉండి పని గమనించిన, డాక్టరు ఎవరు, ఈమెయిల్ ఎలా రాసింది, జవాబు రాకపోతే ఎన్నాళ్లు ఆగింది, ఇవన్నీ అడిగి తెలుసుకో. ఎంక్యాట్‌లో కార్స్ అని చదివి అర్థం చేసుకునే భాగం మన పిల్లల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. దానికి బట్టీ పనికిరాదు. రోజూ ఒక వ్యాసం చదివి, రచయిత ఏమంటున్నాడో ఇద్దరు ముగ్గురు కూర్చుని వాదించుకోండి. మాక్ ఇంటర్వ్యూలకి నిన్ను బాగా ఇష్టపడే స్నేహితురాలిని కూర్చోబెట్టుకోకు. మొహం మీద తప్పు చెప్పే సీనియర్ కావాలి.

ఒకే సీటుకి పోటీపడే పిల్లలు ఒకరికొకరు సాయం చేసుకుంటారా అని నీకు సందేహం రావచ్చు. మీ చాప్టర్‌లోని, అంటే మీ క్యాంపస్ శాఖలోని, అమ్మాయిలంతా కలిపి దేశంలో అప్లై చేసేవాళ్లలో ఏపాటి? నీ నోట్స్ ఇచ్చినందుకు నీ సీటు ఎక్కడికీ పోదు. పాత ప్రశ్నపత్రాలు దొంగచాటుగా తిప్పుకునే గుంపు ఉంటే మాత్రం దాని దరిదాపులకి పోవద్దు.

సిఫారసు లేఖలు ముఖ్యంగా ప్రొఫెసర్ల నుంచి రావాలి, సొరోరిటీ అక్కలు రాస్తే పనికిరావు. అందుకని ప్రొఫెసర్లు విద్యార్థుల్ని కలిసే ఆఫీస్ అవర్స్‌కి ఈ వారం నుంచే వెళ్లు.

రష్ ఫారంలో వ్యాసం ఏదైనా అడిగితే, రాసి నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో కలిసి చూద్దాం. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య