ఆకును చూసి రాయడం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. అందులో చెట్లు చాలా ఉన్నాయి గానీ, అన్నిటికీ ఉన్నవి ‘పచ్చని ఆకులే’. ఏ చెట్టు కింద నిలబడ్డానో నాకు తెలియలేదు. ఆకారాల పేర్లు బట్టీ పట్టమని చెప్పను. చూసే పద్ధతి పట్టుబడితే పేర్లు వాటంతటవే వస్తాయి.

ముందు ఆకంటే ఏదో తేల్చుకో. వేపరెబ్బకు రెండువైపులా ఉన్న రంపపు అంచు ముక్కలు ఆకులు కావు, పత్రకాలు. రెబ్బంతా కలిపి ఒక్క ఆకు. ఇలా పత్రకాలుగా విడిపోయిన ఆకే సంయుక్త పత్రం. అనుమానమొస్తే మొగ్గ కోసం వెతుకు. ఆకు కాడ కొమ్మను అంటుకునే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది, పత్రకం మొదట్లో ఉండదు. వేప, చింతల్లా పత్రకాలు నడి ఈనెకు అటూ ఇటూ ఉంటే పిచ్ఛాకార సంయుక్త పత్రం. బూరుగులా కాడ చివర ఒక్కచోటి నుంచే విచ్చుకుంటే హస్తాకార సంయుక్త పత్రం. ఆముదం ఆకును చాలామంది ఈ రెండో కోవలో వేసేస్తారు, అది తప్పు. చీలికలు ఎంత లోతుగా ఉన్నా కాడ దాకా తెగవు. మధ్యలో ఆకు కలిసే ఉంటుంది కనుక అది సరళ పత్రమే, అంటే పత్రకాలుగా విడిపోని ఆకే.

ఇక ఆకారం. మొదట చూడాల్సింది ఒక్కటే: ఎక్కువ వెడల్పు ఎక్కడుంది? కాడ వైపు సగంలో ఉంటే అండాకారం, మందారంలా. కొన వైపు సగంలో ఉంటే తలకిందులైన అండాకారం, బాదంలా. ఈ రెంటినీ తారుమారు చేయడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. ఆకును తిప్పి పట్టుకోవడం వల్లే అలా అవుతుంది, అందుకే కాడ ఎప్పుడూ కిందికే ఉంచి చూడు. పొడవు వెడల్పుకు మూడు రెట్లు దాటి, కొనకు పోయేకొద్దీ సన్నబడితే బల్లెం ఆకారం. అంచులు పట్టీలా సమాంతరంగా సాగితే రేఖాకారం, వరి ఆకులా.

అండాకారానికి కాడ దగ్గర గంటు పడితే హృదయాకారం. ‘హృదయాకారపు ఆకు’ అని రాసి ఆగిపోతే మాత్రం సరిపోదు. రావిదీ అదే, తిప్పతీగదీ అదే. తేడా కొనలో ఉంది. తిప్పతీగ కొన పొట్టిగా ముగుస్తుంది. రావి కొన ఒకటి రెండు అంగుళాల తోకలా సాగుతుంది. రావి కాడ కూడా పొడుగు, సన్నం. అందుకే కాస్త గాలికే ఆకంతా వణుకుతుంది. కథకు కావలసింది ఈ తోకా, ఈ వణుకూ. ‘హృదయాకారం’ నీ నోటుపుస్తకంలో ఉంటే చాలు.

ఒక్క ఆకును చూసి నిర్ణయించకు. కొమ్మ నడిమి నుంచి ముదిరిన ఆకులు ఐదైనా తీసుకో. మోడు నుంచి లేచిన పిలకల్ని నమ్మకు, వాటి ఆకులు అసలు ఆకారానికి దూరంగా పోతాయి. పనస లేత మొక్కలో ఆకులు చీలి ఉంటాయి, పెద్ద చెట్టులో ఉండవు. మల్బరీలోనైతే ఒకే కొమ్మ మీద చీలినవీ, చీలనివీ కనిపిస్తాయి.

పుస్తకంలో అదిమి ఎండబెట్టిన ఆకులో ఆకారం, ఈనెలు మిగులుతాయి. రంగు, అంచులోని అలలు, వాసన పోతాయి. ఆ మూడూ కోసిన చోటే రాసుకో.

నీ శ్రేయోభిలాషి