ఆటో కట్ పడ్డాక ఇంకో రెండు లీటర్లు కొట్టిస్తే నా కారుకు ఏమైందంటే

నిన్న బంకులో గన్ దానంతటదే ఆగాక కూడా మూతి దాకా పెట్రోల్ నింపించానని, అప్పటినుంచి కారులో వాసన వస్తోందని, ఈ ఎండలకు ట్యాంకు పేలుతుందేమోనని మీలో ఒకరు అడిగారు. ఎండకు పేలదు. ఎండాకాలంలో ఫుల్ ట్యాంక్ వద్దు, సగమే నింపండి అని ఇండియన్ ఆయిల్ పేరుతో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. ఆ కంపెనీయే దాన్ని ఖండించింది. కారు తయారుచేసినవాళ్లు చెప్పిన పరిమితి వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. అయితే పరిమితి వరకే. అది దాటితే ఖర్చు ఎక్కడ తగులుతుందో నాకు అనుభవమైంది.

మే నెలలో విజయవాడలో పెళ్లి చూసుకుని హైదరాబాద్ తిరిగొస్తూ సూర్యాపేట దగ్గర బంకులో ఫుల్ చేయమన్నాను. 3,760 రూపాయల దగ్గర గన్ టక్కుమని ఆగింది. "రౌండ్ చేయమంటారా సార్, నాలుగు వేలకి?" అన్నాడు అబ్బాయి. సరేనన్నాను. గన్ కాస్త పైకి లాగి పట్టుకుని, కొంచెం నొక్కడం, ఆగడం, నురగ దిగాక మళ్లీ నొక్కడం. అలా ఇంకో రెండు లీటర్ల పైనే పట్టించాడు. గన్ తీసేసరికి పైపులో పెట్రోల్ కంటికి కనిపించేంత పైకి వచ్చి ఉంది.

పక్కనే ధాబా. కారు ఎండలో పెట్టి భోంచేశాం. ముక్కాలు గంట తర్వాత వచ్చి డోరు తీస్తే గుప్పుమని వాసన. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వెనక సీట్లో అత్తయ్యకు తల తిరుగుతోందంటే దించి నీడలో కూర్చోబెట్టాం. అక్కడున్న లారీ డ్రైవర్ ఒకాయన వచ్చి, "యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టన్నా" అన్నాడు. మూడోసారికి నల్లటి పొగ కక్కుతూ స్టార్ట్ అయింది. ఇంజెక్టర్ ఉన్న చాలా బళ్లలో అలా పూర్తిగా తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెట్రోల్ ఆగి గాలి ఒక్కటే లోపలికి వెళ్తుందని తర్వాత తెలిసింది.

అంతటితో పోలేదు. ఆ తర్వాత పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ స్టార్టింగ్ కష్టమయ్యేది. మూడు వారాలకు మీటర్ల దగ్గర పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ కారును పైకి లేపి, ట్యాంకు పక్కనుంచి టిఫిన్ డబ్బా అంత నల్ల ప్లాస్టిక్ డబ్బా ఊడదీశాడు. నా చేతికిచ్చి "వంచి చూడండి" అన్నాడు. వంచితే పైపులోంచి పెట్రోల్ బొట్లు బొట్లుగా కారింది. దాంతోపాటు ఆవగింజల్లాంటి నల్లటి పలుకులు నా అరచేతిలో పడ్డాయి. అది బొగ్గు. కానిస్టర్ అంటారు ఆ డబ్బాని. మార్చడానికి కూలితో కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది.

ట్యాంకులో పైన కొంత ఖాళీ కావాలనే ఉంచుతారు. పెట్రోల్ ఆవిరి అక్కడినుంచి ఈ కానిస్టర్‌లోకి వెళ్తుంది, బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది, బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ పీల్చుకుని కాల్చేస్తుంది. ఆవిరి బయటికి పోకుండా చేసిన ఏర్పాటు అది. ఆ ఖాళీని కూడా నింపేస్తే ఆవిరి వెళ్లాల్సిన దారిలో పెట్రోలే వెళ్లి బొగ్గును తడిపేస్తుంది, ఇంజిన్‌కూ పెట్రోల్ ఎక్కువై స్టార్టింగ్ అందుకోదు. పైగా పెట్రోల్ పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. నేల కింది ట్యాంకులోంచి వచ్చిన 40 లీటర్లు మన కారులో 15 డిగ్రీలు వేడెక్కాయంటే అర లీటరు పైనే పెరిగినట్టు. మూతి దాకా నింపాక ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి?

గన్ ఆగేది మీటరు లెక్క చూసి కాదు. దాని మొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పైకి వచ్చి దాన్ని మూసేయగానే గాలి అందక లోపలి మీట పడిపోతుంది. కాబట్టి ట్యాంకు ఖాళీగా ఉండగానే నాలుగైదు లీటర్లకు ఆగిందంటే నురగవల్లో, గన్ సరిగా దిగకపోవడంవల్లో అయ్యుంటుంది. అప్పుడు సరిచేసి మళ్లీ కొట్టించుకోవచ్చు. నిండాక పడిన కట్ మాత్రం చివరిది అనుకోండి.

ఇంకో మాట. నా కారు మాన్యువల్‌లో 37 లీటర్లని ఉంది. ఆరోజు మీటరే 37 దాటింది, అడుగున నాలుగు లీటర్లన్నా మిగిలుంటుంది. బంకువాడు మోసం చేశాడని మా బావమరిది గొడవకు దిగబోయాడు. మోసం కాదు, ఆ ఖాళీ, మూతి దాకా పైపు కలిస్తే అంత పడుతుంది. నిజంగా అనుమానముంటే బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది, కొలిచి చూపించమని అడగొచ్చు.

డీజిల్ బళ్లకు ఈ కానిస్టర్ ఉండదు. అయినా పొర్లిన డీజిల్ తారు మీద జారుతుంది, వెనకొచ్చే టూవీలర్ వాళ్లకు ప్రమాదం.

ఇక ప్రశ్న అడిగిన మీ కారు సంగతి. బయటికి తీసి ఓ ముప్పై, నలభై కిలోమీటర్లు తిప్పండి, రెండు మూడు లీటర్లు దిగుతాయి. అందాకా ఎండలో గానీ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గానీ పెట్టకండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, సెల్లార్లో నేలబారుగా పేరుకుంటుంది, అక్కడే కరెంటు మోటారు ఆన్ అవుతుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఎండకంటే నాకు దాని భయమే ఎక్కువ. తిప్పొచ్చాక కూడా వాసన వస్తుంటే, లేదా కారు కింద తడి కనిపిస్తే, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. కానిస్టర్, దాని పైపులు చూడమని పేరుపెట్టి చెప్పండి.