మ్యూజియాలజీ చదివితే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వమంటే మ్యూజియాలజీ, అంటే మ్యూజియాలు నడిపే చదువు, చదువుతానంటోంది. ఏ మ్యూజియం చూసొచ్చినా ‘ఆడవాళ్లంటే నగలూ నడుమేనా?’ అని వాదనకు దిగుతుంది. బంధువులేమో బొమ్మలు తుడిచే ఉద్యోగమా అని నవ్వుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడిగింది వాదన కోసం అడిగే మాట కాదు. ఏ శిల్పం గుమ్మానికి ఎదురుగా ఉండాలి, ఏది స్టోర్‌లో ఉండాలి, లేబుల్ మీద ఉన్న నాలుగు లైన్లలో ఏం రాయాలి... ఇవన్నీ తేల్చడమే క్యూరేటర్ పని.

మన నాగార్జునకొండనే తీసుకోండి. అక్కడ పాలించిన ఇక్ష్వాకు రాజుల కాలం నాటి బౌద్ధ శిల్పాల్లో నగలు పెట్టుకున్న స్త్రీలు, జంటలు చాలా కనిపిస్తారు. అక్కడి శాసనాలు మాత్రం వేరే సంగతి చెబుతాయి. మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, కట్టించింది చాంతిసిరి, వాసిష్ఠీపుత్ర చాంతమూల మహారాజు సోదరి. బోధిసిరి అనే ఇంకొకామె రాణి కాదు, ఉపాసిక, అంటే సన్యాసం తీసుకోని బౌద్ధ భక్తురాలు. తాను కట్టించినవన్నీ ఏకరువు పెడుతూ పొడుగాటి శాసనం వేయించింది. అమరావతి స్తూపానికి కూడా భిక్షుణులు, గృహిణులు తమ పేర్లతోనే దానాలిచ్చారు. శిల్పం కింద ‘స్త్రీమూర్తి, సున్నపురాయి’ అని రాసి, శాసనాన్ని అర్థం చెప్పకుండా ఓ మూల నిలబెడితే, చూడటానికొచ్చిన స్కూలు పిల్లలకు అందగత్తెలే గుర్తుంటారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి తెలుగులో అర్థం రాస్తే, డబ్బు పెట్టి కట్టించినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారని తెలుస్తుంది. రాళ్లు అవే, పెట్టిన తీరే వేరు.

హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో చెక్క శిల్పం చూసే ఉంటారు. ఇద్దరూ ‘ఫౌస్ట్’ అనే జర్మన్ నాటకంలోని పాత్రలు: ముందువైపు సైతాను మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలవంచుకున్న అమాయకురాలు మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఆమె మనకు కనిపిస్తోంది. అయినా అద్దంలోనే! ఆ శిల్పాన్ని తిప్పి పెడితే ఎలా ఉంటుందో మీ అమ్మాయిని అడిగి చూడండి.

ఇక ఉద్యోగాలు. దాచకుండా చెబుతాను, ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ప్రైవేటు మ్యూజియాల్లో, ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పనులే ఎక్కువ. పనిలో సగం రిజిస్టర్లు రాయడం, వస్తువులకు తేమ, పురుగు పట్టకుండా చూడటం. అది బోరు అనుకుంటే ఈ దారి వద్దు. ఇల్లు ఆమె జీతం మీదే నడవాల్సి ఉంటే ఆలోచించుకోవాలి. అలా కాకపోతే నేను వెళ్లమనే అంటాను.

చదువుకు బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ఉంది, 1952 నుంచి ఈ కోర్సు నడుపుతోంది. కలకత్తా, బనారస్, అలీగఢ్ యూనివర్సిటీల్లో, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కూడా చదవొచ్చు. అర్హతలు, ఎంట్రన్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఆ ఏటి ప్రకటన చూసుకోండి. కోర్సు ఎక్కడైనా సరే, ఆ శాసనాలు రాసిన బ్రాహ్మీ లిపి, వాటి భాష ప్రాకృతం కాస్త నేర్చుకోమనండి. శాసనం సొంతంగా చదవగలిగిన క్యూరేటర్‌కు లేబుల్ కోసం ఇంకొకరి మీద ఆధారపడే పని ఉండదు. గ్రూప్స్ సిలబస్‌లో చరిత్ర ఎలాగూ ఉంది, రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

ఈ సెలవుల్లో విజయవాడ బాపు మ్యూజియానికి మళ్లీ పంపండి. తనకు నచ్చని లేబుల్ ఒకటి ఎంచుకుని, అరవై మాటలు దాటకుండా, పదేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా తిరగరాయమనండి. ఆ కాగితం నాకు పంపితే చూసి చెబుతాను.