క్రిస్మస్ కాక్టస్ ఏపుగా పెరిగినా ఎందుకు పూయదు?

చాలా ఇళ్ళలో రాత్రిపూట గదిలో లైటు వెలుగుతూ ఉండటం వల్లే క్రిస్మస్ కాక్టస్ మొగ్గ తొడగదు. రాత్రులు పొడవై, చల్లబడితేనే దానికి పూత వస్తుంది: సుమారు ఆరు వారాలు, రోజూ 13-14 గంటల ఎడతెగని చీకటి కావాలి. దీని పుట్టిల్లయిన ఆగ్నేయ బ్రెజిల్‌లో రాత్రులు పెరిగేది మే నెలకు. పూసేదీ అప్పుడే, అందుకే అక్కడ దాని పేరు ‘మే పువ్వు’.

మన దగ్గరైతే నవంబరు మొదటి నుంచి రోజూ, సాయంత్రం ఆరుకి లైటు వేయని చల్లటి గదిలో పెట్టి, ఉదయం ఎనిమిదికి మళ్ళీ వెలుతురులోకి తెస్తే సరి. మొగ్గలు కనిపించాక మాత్రం చోటు మార్చకండి, రాలిపోతాయి.

పేరులో కాక్టస్ ఉంది కదా అని ఎర్రటి ఎండలో పెట్టి నీళ్ళు మానేస్తుంటారు. పాపం, అది ఎడారి మొక్కే కాదు! తేమ అడవుల్లో చెట్ల కొమ్మల మీద, రాళ్ళ సందుల్లో పెరిగేది. నీడపట్టున ఉంచి, పైమట్టి ఆరినప్పుడల్లా నీళ్ళు పోయాలి.

కొత్త మొక్క కావాలంటే, పూత అయిపోయాక రెండు మూడు కణుపుల ముక్కను మెలితిప్పి తుంచండి. గాయం ఆరేలా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఇసుక కలిపిన మట్టిలో పైపైన గుచ్చితే కొన్ని వారాల్లో వేళ్ళు పడతాయి.