థాయిలాండ్‌లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: వర్క్ పర్మిట్ రాకముందే వెళ్లి చేరవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఎం.ఏ. ఇంగ్లిష్, బి.ఎడ్. చేసి, కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. బ్యాంకాక్ స్కూల్లో నెలకు 35,000 భాట్ జీతంతో ఉద్యోగం ఇప్పిస్తామని హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ వారు 1,80,000 రూపాయలు అడిగారు. 50,000 బ్యాంకు ద్వారా కట్టి, మిగతా మొత్తానికి సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చాను. ఇప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తమ దగ్గరే ఉంచమంటున్నారు. భారతీయులకు వీసా అక్కర్లేదు కాబట్టి వెంటనే వెళ్లి చేరిపొమ్మని, వర్క్ పర్మిట్ తరువాత చేయిస్తామని చెబుతున్నారు. వెళ్లవచ్చా? మానుకుంటే నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: వారు చెప్పిన పద్ధతిలో వెళ్లవద్దు. మన పాస్‌పోర్టు ఉన్నవారిని వీసా లేకుండా అనుమతించే వెసులుబాటును థాయిలాండ్ 2023 నవంబరులో ప్రారంభించిన మాట నిజమే గాని, అది పర్యటన కోసం వచ్చేవారికి ఇచ్చినదే తప్ప తరగతి గదిలో పాఠం చెప్పేవారికి ఇచ్చినది కాదు. అక్కడ ఉద్యోగం చేయడానికి నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్ రెండూ ఉండాలి. సాధారణ పాఠశాలలో బోధించాలంటే వీటికి తోడు ఖురుసఫా అనే ఉపాధ్యాయ మండలి లైసెన్సు గాని, తాత్కాలిక అనుమతి గాని అవసరమవుతుంది. అక్కడికి వెళ్లాక వీసా రకం మార్చుకునే దారి అసలు లేదని నేను అనను; కానీ వర్క్ పర్మిట్ చేతికి రాకముందే పనిలో చేరితే, 2017లో తెచ్చి 2018లో సవరించిన అక్కడి చట్టం ప్రకారం 5,000 నుంచి 50,000 భాట్ వరకు జరిమానా వేసి వెనక్కి పంపవచ్చు. ఆపై రెండేళ్ల దాకా మళ్లీ పర్మిటుకు దరఖాస్తు చేసుకోలేరు. స్కూలుకూ జరిమానా ఉంటుంది గాని, దేశం విడిచి రావలసినది మాత్రం మీరే.

మీ అర్హతల విషయంలో అధైర్యపడవలసిన పని లేదు. దక్షిణ కొరియా ఇంగ్లిష్ టీచర్ వీసాను ప్రధానంగా ఏడు ఇంగ్లిష్ మాతృభాషా దేశాల వారికే పరిమితం చేసింది. థాయిలాండ్‌లో అటువంటి కట్టడి లేనందువల్లనే ఫిలిప్పీన్స్ వారు, మనవారు అక్కడ పనిచేయగలుగుతున్నారు. ఇంగ్లిష్ మాతృభాష కానివారిని టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు అడగడం మామూలే కనుక ఆ పరీక్ష ముందే రాసి ఉంచుకోండి.

ఇక కన్సల్టెన్సీ సంగతి. మీరు పంపిన రసీదు ఫోటోను రెండుసార్లు చదివాను. అందులో ఉద్యోగం అన్న మాటే లేదు. ‘కెరీర్ గైడెన్స్ ఫీజు’ అని ఉంది. ఇది పొరపాటున రాసిన మాట అని నేను అనుకోను. విదేశీ ఉద్యోగానికి మనుషులను కుదిర్చే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్ కింద రిజిస్టర్ అయి ఉండాలి, అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. గైడెన్స్ అని రాసుకుంటే ఈ రెండు నియమాలూ తమకు వర్తించవని వాదించవచ్చు. మీరు పదో తరగతి దాటారు కనుక మీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే విదేశీ ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అక్కర్లేదు. అంతమాత్రాన ఏజెంటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కాదు. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వారి పేరు ఉందో లేదో ఈ రోజే చూడండి.

వారి పేరు అందులో లేకపోతే, అదే ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షన్ కింద అది రెండేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలన్న నియమం ఉంది గాని, నష్టపోయిన అభ్యర్థి స్వయంగా గాని, తల్లిదండ్రులు, భర్త, తోబుట్టువుల వంటివారు ఆమె తరఫున గాని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అవసరం లేదని 27వ సెక్షనే చెబుతోంది. ఈ మినహాయింపు తెలియక చాలామంది పోలీస్ స్టేషన్ నుంచి ఊరికే తిరిగి వస్తున్నారు. మోసం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి రక్షణ చూసే, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి కూడా ఫిర్యాదు ప్రతి ఒకటి పంపండి. కట్టిన సొమ్ము కోసం, సేవాలోపం జరిగిన రెండేళ్లలోగా, కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఇంత మొత్తానికి కోర్టు ఫీజు ఉండదు.

అన్నిటికంటే ముందు చెక్కు సంగతి చూడండి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును పూరించుకునే అధికారం పుచ్చుకున్నవారికి ఉన్నట్టే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం భావిస్తుంది. బాకీ లేదని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది. కాబట్టి చెక్కు నంబరు వేసి, అది ఏ పనికి ఇచ్చారో, ఆ పని ఎందుకు చట్టవిరుద్ధమో వివరిస్తూ తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో లేఖ పంపి, ఆ చెక్కుకు డబ్బు ఇవ్వవద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ చేయించండి. లేఖ పంపకుండా స్టాప్ పేమెంట్ ఒక్కటే చేయిస్తే మీరే ఎగవేసినట్టు కనిపిస్తుంది.

సర్టిఫికెట్లు వారి దగ్గర ఉంచవద్దు. అటెస్టేషన్ (సర్టిఫికెట్లు అసలువేనన్న ధ్రువీకరణ) కోసం ఒరిజినల్స్ చూపవలసిన మాట నిజమే; ఆ పని మీరే విదేశాంగ శాఖ అధీకృత ఏజెన్సీ ద్వారా చేయించుకోవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సర్టిఫికెట్లు పదకొండు నెలలు ఏజెంటు బీరువాలో ఉండిపోవడంతో, డీఎస్సీలో ర్యాంకు వచ్చి కూడా వెరిఫికేషన్ రోజున వట్టి జిరాక్సులతో నిలబడవలసి వచ్చింది.

ఇంత గట్టిగా చెప్పడానికి మరో కారణం ఉంది. బ్యాంకాక్‌లో ఉద్యోగమని నమ్మి దిగిన మన యువకులను సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల ముఠాలకు అప్పగిస్తున్నారని విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది. మీ స్కూలు నిజమైనదే కావచ్చు. అయినా దాని చిరునామా, రిజిస్ట్రేషన్ స్కూలు వారినే నేరుగా అడిగి తెలుసుకోండి. విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ వారైతే అక్కడి అటువంటి సంస్థ ఓంక్యాప్‌లోనూ విచారించవచ్చు. స్కూలు పంపిన నియామక పత్రంతో బి వీసాకు మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోండి. వీసా వచ్చాక, టికెట్ కొనకముందు, ఒప్పంద పత్రం ప్రతిని నాకు పంపితే జీతం, సెలవులు, మధ్యలో మానేస్తే కట్టవలసిన పరిహారం వంటి షరతులను చదివి చెబుతాను.