చెల్క నేలలో దున్నకుండా కూరగాయలు పండించొచ్చా?

అడిగినది క్లుప్తంగా: పరకాల వైపు అర ఎకరం చెల్క (ఎర్ర ఇసుక నేల), బోరు, డ్రిప్పు ఉన్నాయి. టమాట, వంకాయ, బెండ వేస్తున్నారు. ప్రతి పంటకు రోటవేటర్ (ట్రాక్టర్‌తో మట్టిని పొడి చేసే యంత్రం) కొట్టిస్తున్నారు. వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతోంది, నీళ్లు ఇంకడం లేదు. దున్నకం పూర్తిగా మానేస్తే నేల బాగుపడుతుందా?

బాగుపడుతుంది, కానీ అర ఎకరం ఒక్కసారే మానొద్దన్నా. వట్టి చెల్కను దున్నకుండా వదిలితే నాలుగు వానలకే ఇంకా బిగుసుకుపోతుంది. పైన కప్పడానికి ఎంత గడ్డి దొరికితే అంత జాగలోనే దున్నకం ఆపాలి. మొదటి ఏడాది 5 గుంటలు (ఎకరంలో ఎనిమిదో వంతు) చాలు.

ముందు నేల లోపల ఏముందో చూడండి. నీళ్లు పారించిన మర్నాడు ఇనుప చువ్వ గుచ్చితే 5, 6 అంగుళాల దగ్గర టక్కున ఆగుతుందా? అది ఏటేటా రోటవేటర్ ఒకే లోతులో తిరిగి కట్టిన గట్టి పొర. దాన్ని పగలగొట్టకుండా దున్నకం ఆపితే వేర్లు పైపైనే ఉండిపోతాయి. ఎండాకాలంలో నేల ఎండి ఉన్నప్పుడు ఒకసారి లోతు దుక్కి చేయించండి. తడి మీద చేస్తే పొర పగలదు, గీత మాత్రమే పడుతుంది. తుంగ, గరిక ఉంటే గడ్డలు, వేర్లు ఏరి పారేయడానికీ ఇదే అదను. తుంగ ఉన్న మడిలో ఎంత గడ్డి కప్పినా చీల్చుకుని పైకి వస్తుంది.

చివరి దుక్కిలో గుంటకు ఒక ట్రాలీ చెరువు మట్టి (పరిస్తే అంగుళం మందం వస్తుంది), 2 క్వింటాళ్ల మాగిన పెంట ఎరువు కలపండి. పిడికిట్లో పిసికితే పేడ వాసన రావొద్దు, గడ్డి పోచలు కనపడొద్దు. పచ్చి పెంట వేస్తే చెదలు, వేరుపురుగు, కలుపు విత్తనాలు అన్నీ దాంతోనే వస్తాయి.

తర్వాత 4 అడుగుల వెడల్పు మడులు, మధ్యన అడుగున్నర దారి. ఈ మడులు ఇక కదలవు. కైకిలి (కూలి) వాళ్లకు ముందే చెప్పాలి, మడి మీద కాలు పెట్టొద్దని. నిజానికి అన్నింటికన్నా కష్టమైన పని ఇదే.

జూన్‌లో తొలకరి పడగానే ఆ 5 గుంటల్లో రెండున్నర కిలోల జనుము (పచ్చిరొట్ట పంట) గింజలు చల్లండి. జీలుగ నీళ్లు నిలిచే నేలకు బాగుంటుంది, చెల్కకు జనుమే నయం. 45 రోజులకు, పూత మొదలవుతుండగా మొదళ్లకు కోసి అక్కడే పరిచేయండి. ఆలస్యమైతే కాడ నార తేలి త్వరగా మురగదు. దాని మీద వరిగడ్డి 3 అంగుళాల మందం పరచండి. యాసంగి వరి కోతలప్పుడు మన దగ్గర చాలా మంది గడ్డి తగలబెడతారు, అప్పుడే అడిగి తెచ్చుకుని వాన తగలకుండా వామి వేసుకోండి. డ్రిప్పు పైపులు గడ్డి కిందే ఉండాలి.

నారు నాటేటప్పుడు గడ్డిని పక్కకు జరిపి, మొదలు చుట్టూ జానెడు జాగా ఖాళీగా వదలండి. గడ్డి కాండానికి ఆనితే ముసురు రోజుల్లో మొదలు కుళ్లు పడుతుంది. చెదలు మాత్రం చెల్కలో తప్పవు. అవి ఎండు గడ్డికే ఎక్కువ వస్తాయి కాబట్టి కప్పును తడి ఆరనివ్వొద్దు.

ఇక ఎరువుల సంగతి. గడ్డి కప్పాక ఆకులు పసుపు రంగుకు తిరిగాయని చాలా మంది భయపడి కప్పు తీసేస్తారు. గడ్డి పైపైన ఉంటే నష్టం తక్కువ. మట్టిలో కలిసిపోతేనే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుని మొక్కకు కరువు చేస్తాయి. అందుకని గడ్డిని పారతో తిప్పొద్దు, మొదటి ఏడాదే యూరియా పూర్తిగా మానొద్దు. అలాగని గడ్డి మీద చల్లితే కొంత గాలిలోకే పోతుంది. డ్రిప్పులో కరిగించి ఇవ్వండి. మొదటి పంటగా గోరుచిక్కుడో బొబ్బరో వేస్తే ఈ బాధ సగం తగ్గుతుంది.

పాలకూర, మెంతి, కొత్తిమీర లాంటి చిన్న గింజలు ఈ మడుల్లో మొలవవు. వాటికి వేరే మడి ఉంచుకోండి.

టమాట, వంకాయ, బెండ మూడింటికీ వేరు గడ్డల నులిపురుగు వస్తుంది. దున్నకుండా అవే తిప్పి తిప్పి వేస్తే అది పెరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఒకసారి బంతి వేయండి. ఆ పురుగును తగ్గిస్తుంది, బతుకమ్మ, దసరాకు పూలు అందేలా నాటితే డబ్బులూ వస్తాయి. పంట అయిపోయాక మొక్కలు పీకకుండా మొదట్లో కోసి వేర్లు నేలలోనే వదలాలి. వేర్ల మీద గడ్డలు కనిపిస్తే మాత్రం వేర్లతో సహా పీకి పొలం బయట కాల్చేయండి.