డిగ్రీ 2 శీర్షాలు తీసేటప్పుడు

అమ్మాయీ, ఆశీస్సులు.

గ్రాఫంటే శీర్షాలు (చుక్కలు), వాటిని కలిపే అంచులు (గీతలు); ఒక శీర్షం దగ్గర కలిసే అంచుల సంఖ్యే దాని డిగ్రీ. అంచుల మధ్యలో డిగ్రీ 2 శీర్షాలు పెట్టో తీసో రెండు గ్రాఫులను ఒకేలా చేయగలిగితే అవి హోమియోమార్ఫిక్. రెండు గ్రాఫులు అలాంటివి అవునో కాదో తేల్చాలంటే బొమ్మలు చూసి ఊహించకు. ముందు రెండింటిలోనూ డిగ్రీ 2 కాని శీర్షాలు ఏ డిగ్రీవి ఎన్నున్నాయో రాసుకో. తర్వాత అంచుల సంఖ్యలోంచి శీర్షాల సంఖ్య తీసెయ్యి. అంచు మధ్యలో కొత్త శీర్షం పెడితే రెండూ ఒక్కొక్కటి పెరుగుతాయి కాబట్టి ఆ తేడా మారదు. ఈ లెక్కల్లో ఏ ఒక్కటి కలవకపోయినా జవాబు 'కాదు', ఇంకేమీ చేయనక్కర్లేదు.

లెక్కలు కలిసినంత మాత్రాన 'అవును' అనెయ్యకు. డిగ్రీ 2 శీర్షాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ, దాని రెండు పొరుగు శీర్షాలనూ నేరుగా కలుపు. వాటి మధ్య అప్పటికే అంచు ఉంటే కొత్తదాన్నీ ఉంచు. చాలామంది ఇక్కడే రెండింటినీ ఒకటి చేసేసి డిగ్రీలు పాడుచేస్తారు. వలయం కుదించుకుపోయి ఒక్క లూపే (ఒక శీర్షం నుంచి దానికే తిరిగొచ్చే అంచు) మిగిలితే దాని శీర్షం జోలికి పోకు. చివరికి మిగిలినవి ఐసోమార్ఫిక్ (శీర్షాల పేర్లు మారిస్తే అచ్చు ఒకటే) అయితేనే మొదటివి హోమియోమార్ఫిక్. అంచుతో కలిసిన శీర్షాలకు వేర్వేరు రంగులు వేయడానికి కావలసిన రంగుల సంఖ్యను మాత్రం ఆధారంగా చూపకు: త్రిభుజం, చతురస్రం హోమియోమార్ఫికే, కాని ఒకదానికి మూడు రంగులు కావాలి, రెండోదానికి రెండు చాలు.

ఇక పీటర్సన్ గ్రాఫు (బయట ఐదు శీర్షాల వలయం, లోపల ఐదు శీర్షాల నక్షత్రం, ఎదురెదురు వాటిని కలిపే ఐదు అంచులు) సమతలం కాదని, అంటే అంచులు ఒకదాన్నొకటి దాటకుండా కాగితంమీద గీయలేమని చూపడం. దీనిమీద నిదానంగా కూర్చో. బయటి, లోపలి శీర్షాలను కలిపే ఐదు అంచులనూ కుదిస్తే (ఒక్కో అంచు రెండు చివరలనూ ఒకే శీర్షంగా కలిపేస్తే) కె5, అంటే ప్రతి జంటా అంచుతో కలిసిన ఐదు శీర్షాల గ్రాఫు వస్తుంది, నిజమే. కాని అది మైనర్, అంటే అంచులు కుదించో తీసేసో వచ్చిన గ్రాఫు. మైనర్ల గురించి చెప్పే వాగ్నర్ 1937 సిద్ధాంతానికి సరిపోతుంది. కురటోవ్‌స్కీ 1930 సిద్ధాంతం ప్రకారం రాయమంటే పనికిరాదు. దానికి కె5కి గాని, కె3,3కి (మూడేసి శీర్షాల రెండు పక్కలు, ఒక పక్క ప్రతిదీ రెండో పక్క ప్రతిదానితో కలిసిన గ్రాఫు) గాని హోమియోమార్ఫిక్ అయిన భాగం గ్రాఫులోనే దొరకాలి. కె5కి డిగ్రీ 4 శీర్షాలు ఐదు కావాలి, ఇక్కడ అన్నీ డిగ్రీ 3. అంచులు తీసేస్తే డిగ్రీ తగ్గుతుందే గాని పెరగదు. కాబట్టి కె3,3 కోసమే వెతకాలి.

బయటి వలయానికి వరసగా 1 నుంచి 5 వరకు, వాటికి ఎదురుగా లోపల 6 నుంచి 10 వరకు అంకెలు వెయ్యి. లోపలి నక్షత్రం 6-8-10-7-9-6. ఇప్పుడు 1ని తీసెయ్యి. 2, 5, 6 డిగ్రీ 2కి దిగుతాయి. వాటినీ తీసేస్తే 3-7, 4-10, 8-9 అనే అంచులు వస్తాయి. మిగిలిన ఆరు శీర్షాల్లో 3, 9, 10 ఒక పక్క, 4, 7, 8 మరో పక్క పెట్టి చూడు, తొమ్మిది అంచులూ దొరుకుతాయి. జవాబు పత్రంలో మాత్రం ఆ మూడింటినీ అంచులుగా రాయకు. అసలు గ్రాఫులో అవి 3-2-7, 4-5-10, 8-6-9 అనే దారులు, అలాగే రాయి.